బెంగ లేని వారికే బండి

నిశ్చింత ఎలక్ట్రిక్ మోటార్స్ వారి లీజు దరఖాస్తులో పద్నాలుగో ప్రశ్న దగ్గర సత్యవేణి నిజం చెప్పేసింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

పదమూడో ప్రశ్న వరకూ ఏ ఇబ్బందీ లేదు. పేరు, ఊరు, ఆధార్ నంబరు, డ్రైవింగ్ లైసెన్సు. చదువు అన్న గడి దగ్గర మాత్రం పెన్ను కాసేపు ఆగింది. ఇంటర్ మొదటి ఏడాది మధ్యలో ఆగిపోయిన చదువుని ఏమని రాయాలో తెలియక "సగం" అని రాసి ముందుకెళ్ళిపోయింది. పద్నాలుగో ప్రశ్న ఇలా ఉంది: "మీకు బెంగ ఉందా? అవును, కాదు. ఒకదానికి టిక్ పెట్టండి."

"దేని గురించండీ?" అని కౌంటర్లో అమ్మాయిని అడిగింది.

"దేని గురించైనా సరే మేడమ్."

అయితే ఆలోచించాల్సిన పనే లేదు. సత్యవేణి "అవును" మీద టిక్ పెట్టింది. సరిగ్గా పడిందో లేదోనని దాని మీదే ఇంకోసారి దిద్దింది.

అయిదు నిమిషాల్లో మేనేజర్ ఉదయభాస్కర్ గారు లోపలికి పిలిపించారు. ఆయన ముఖం మీద నవ్వు పొద్దున్న షట్టరుతో పాటు తెరుచుకుని, సాయంత్రం షట్టరుతో పాటే మూతపడుతుంది.

"మేడమ్, మీ దరఖాస్తు అన్ని విధాలా అర్హమైనదే. అయితే సంస్థ విధాన నిర్ణయం మేరకు, బెంగ కలిగియున్న వ్యక్తులకు వాహనం అప్పగించబడదు."

"బెంగ ఉంటే బండెందుకివ్వరండీ?"

"చూశారా! ఈ ప్రశ్న కూడా బెంగ కిందికే వస్తుంది" అని ఆయన నవ్వుతూనే ఏదో రాసుకున్నారు.

విధానం ఎలా పుట్టిందో కూడా ఆయనే చెప్పారు. కిందటేడు కార్లు తీసుకున్నవాళ్ళందరూ ఒకటే అడగడం మొదలుపెట్టారట. ఛార్జింగ్ మధ్యలో అయిపోతే ఎలాగండీ, కాకినాడ దాటితే మీ ఛార్జింగ్ స్టేషన్లు ఎక్కడున్నాయండీ అని. ఎక్కడా లేవు. పెద్దాఫీసు వారు నిపుణులను నియమించి ఆరు నెలలు అధ్యయనం చేయించారు. లోపం బ్యాటరీలో లేదనీ, రోడ్డులో లేదనీ, కస్టమర్ల మనసులో ఉందనీ తేలింది. దానికి "బ్యాటరీ బెంగ" అని పేరు కూడా పెట్టారు. స్టేషన్ కట్టాలంటే స్థలం కావాలి, ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, కరెంటు ఆఫీసు చుట్టూ తిరగాలి. అడగడం మానిపించాలంటే ఒక్క ఫారం చాలు.

"అప్పట్నుంచీ మా సంస్థ బెంగ నిర్మూలనకు కట్టుబడి ఉంది మేడమ్. బెంగ రహిత ధ్రువీకరణ పత్రం పొందినవారికే తాళాలు."

"ఆ పత్రం ఎంతకాలానికి వస్తుందండీ? బడులు జూన్ పన్నెండున తెరుస్తారు. ఇవాళ మే ఇరవయ్యారు."

"తేదీలు లెక్కపెట్టడం" అని ఉదయభాస్కర్ గారు పైకే చదువుకుంటూ అదీ రాసుకున్నారు.

తేదీ లెక్కపెట్టడానికి సత్యవేణికి కారణం ఉంది. ఆమెది కాకినాడ దాటాక సముద్రం ఒడ్డున ఉన్న నేమం. కూతురు జోషిత ఒకటో తరగతి. బడి కాకినాడలో. మొన్నటిదాకా పిల్ల వ్యానులో వెళ్ళేది. ఆ వ్యాను డ్రైవరు చాలా నిశ్చింతైన మనిషి. పాటలు పెట్టుకుని, ఈల వేసుకుంటూ, ఒంటిచేత్తో నడిపేవాడు. ఫిబ్రవరిలో ఒకరోజు పిల్లలందర్నీ బడి దగ్గర దింపి, అద్దాలు మూసి, వ్యాను ఎండలో పెట్టేసి టిఫిన్‌కి వెళ్ళాడు. వెనక సీటు కింద జోషిత నిద్రపోతోంది. నలభై నిమిషాల తర్వాత ఎవరో పళ్ళమ్ముకునే ఆవిడ అద్దంలోంచి చిన్న చెయ్యి చూసి కేకలు పెట్టబట్టి సరిపోయింది. డ్రైవరు తాపీగా వచ్చి, "ఏం కాలేదు కదండీ, ఎందుకంత ఇదవుతారు?" అన్నాడు.

ఆ రోజునుంచి సత్యవేణి పిల్లని వ్యాను ఎక్కించలేదు. ఆటోలో తీసుకెళ్ళి, ఆటోలో తీసుకొచ్చింది. ఈలోగా డ్రైవింగ్ నేర్చుకుంది. బడిపిల్లల్ని దింపే ఆడవాళ్ళకి నిశ్చింత మోటార్స్ వారు కారు లీజుకిస్తారని తెలిసి దరఖాస్తు పెట్టుకుంది. వీధిలో ఇంకో మూడిళ్ళవాళ్ళు తమ పిల్లల్నీ ఎక్కించుకోమన్నారు. "నువ్వైతే నలుగుర్నీ నాలుగుసార్లు లెక్కపెడతావమ్మా" అన్నారు. నలుగురు పిల్లలు, నాలుగు బెల్టులు. పన్నెండో తారీఖుకి బండి రాకపోతే ఆ ముగ్గురూ మళ్ళీ ఆ వ్యానే ఎక్కుతారు. డ్రైవరు కూడా అతనే. కొత్త పాటలు ఎక్కించుకున్నాడని విన్నది.

*

మర్నాడు బెంగ పరీక్ష. నిశ్చింత సలహాదారు హరిణి గదిలో లేత పచ్చ గోడలు, నీళ్ళ చప్పుడు చేసే చిన్న ఫౌంటెను. హరిణికి పాతికేళ్ళు కూడా ఉండవు. ఉద్యోగంలో చేరి రెండు నెలలు. సత్యవేణి చూపుడు వేలికి బట్టల క్లిప్పులాంటిదొకటి తొడిగింది.

"ఇది బెంగమాపకం మేడమ్. ఆకుపచ్చ వస్తే నిశ్చింత. పసుపు వస్తే సంశయం. ఎరుపు వస్తే బెంగ. ఇప్పుడు మీరు హాయిగా ఒక ఖాళీ రోడ్డు ఊహించుకోండి."

సత్యవేణి కళ్ళు మూసుకుంది. ఖాళీ రోడ్డు కనిపించింది. పగటిపూట ఇంత పెద్ద రోడ్డు ఎందుకు ఖాళీగా ఉంది? ముందేదైనా వంతెన కూలిందా? క్లిప్పు ఎర్రగా వెలిగింది.

"పోనీ, సముద్రం ఊహించుకోండి."

ఇంకా ఎర్రగా వెలిగింది. నేమంవాళ్ళకి సముద్రం గురించి తెలియనిదేముంది? కిందటి తుఫానుకి రోడ్డులో సగం పట్టుకుపోయింది.

"ఇల్లు కదిలేముందు గ్యాస్ కట్టేశారో లేదో ఎన్నిసార్లు చూస్తారు?"

"రెండుసార్లేనండి." వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కొచ్చి చూసేది కూడా కలపాలాండీ?" అంది.

హరిణి రాయడం ఆపి చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "మేడమ్, 'చూడను' అని చెప్పేయకూడదా?"

"చూస్తాను కదమ్మా!"

చివరి ప్రశ్న బండి గురించి. బ్యాటరీలో ఎంత శాతం ఉందో గంటకి ఎన్నిసార్లు చూస్తారు? సంస్థ అనుమతించేది రెండుసార్లు. సత్యవేణి ఏం చెప్పాలో తోచక ఊరుకుంది. ఊరుకున్నవాళ్ళకి ఫారంలో వేరే గడి ఉంది: "గుప్త బెంగ." హరిణి మొహమాటపడుతూనే దానికి టిక్ పెట్టింది. అడిగితే బెంగ, అడగకపోతే గుప్త బెంగ. ఈ రెండూ కాకుండా నోరు ఎలా పెట్టుకోవాలో మాన్యువల్‌లో బొమ్మ వేసి ఉంది. పెదవులు కొద్దిగా విడివడి, కళ్ళు పైకప్పు వైపు.

ఇంటికొచ్చాక భర్త వీరబాబుని అడిగింది. అతను ఐస్ ఫ్యాక్టరీలో షిఫ్టు ఆపరేటరు. సొంత మేనబావ.

"బావా, బెంగ లేనట్టు ఎలా ఉంటారు?"

వీరబాబు మంచం మీద వెల్లకిలా పడుకుని, కాలు మీద కాలేసుకుని పాదం ఆడించాడు. "ఇదిగో, నేనెలా ఉన్నానో అలా ఉండు."

"నువ్వలా ఉండబట్టే కదా నేనిలా ఉన్నాను!"

"అదీ నిజమే" అని అతను ఒప్పుకుని పాదం ఆడించడం ఆపలేదు.

*

పరీక్షలో తప్పినవాళ్ళు ఇద్దరు సాక్షుల్ని తెచ్చుకోవచ్చు. ఈ వ్యక్తి స్వభావసిద్ధంగా నిశ్చింతాపరురాలని వాళ్ళు వాంగ్మూలం ఇస్తే కేసు మళ్ళీ పరిశీలిస్తారు. వీరబాబు సాక్ష్యం రెండు నిమిషాల్లో అయిపోయింది. "దానికేం బెంగండి, నేనున్నాను కదా" అన్నాడు. ఉదయభాస్కర్ గారు సంతోషించారు. రెండో సాక్షి అత్తగారు అప్పాయమ్మ.

అప్పాయమ్మ కోడల్ని ఇంటిదగ్గర రోజుకి పదిసార్లు కసురుతుంది. పరాయివాళ్ళ ముందు మాత్రం ఒక్క మాట పడనివ్వదు. చీర కొంగు సర్దుకుని, కుర్చీలో మేనేజర్ కంటే నిటారుగా కూర్చుంది.

"అమ్మా, మీ కోడలుగారికి బెంగపడే స్వభావం ఉందా?"

"మా కోడలికా? భలేవోరే బాబూ! అంత జాగర్త మనిషి మీకు ఈ కాకినాడంతా ఎతికినా దొరకదు, ఆయ్. అగ్గిపుల్ల గీసిందనుకోండి, ఆరిపోయినా సరే నీళ్ళలో ముంచిగానీ పారెయ్యదు."

సత్యవేణి బల్ల కింద అత్తగారి కాలు తొక్కింది. అప్పాయమ్మ ఆ కాలు పక్కకి తీసేసుకుంది.

"పిల్ల పడుకున్నాక ముక్కు కింద ఏలెట్టి సూత్తాది, గాలాడతాందో లేదో అని. నాక్కూడా ఎట్టి సూత్తాది బాబూ! నేను మేలుకునే ఉంటాను, ఊరుకుంటాను. మా ఆయన బతికున్నప్పుడు నన్నంతలా సూసుకున్నోడు కాదు."

"అత్తయ్యా, ఇంక చాలు."

"చాలేటే, ఇంకా సగం కూడా సెప్పలేదు. బాబూ, రాసుకో. మొన్న వాన మబ్బేత్తే, వానొచ్చేలోపే వీధిలో అందరి బట్టలూ తీసేసింది. మనయి కానియ్యి కూడా."

ఉదయభాస్కర్ గారు అన్నీ రాసుకున్నారు. అప్పాయమ్మ ఎంతో తృప్తిగా లేచింది. బయటికొచ్చాక, "సూశావా, ఒక్కటి వదల్లేదు. బండి నీకే" అంది. సత్యవేణికి ఏడవాలో నవ్వాలో తెలియక అత్తగారి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది. రెండువైపులా మూడేసిసార్లు చూసి.

సాక్ష్యం వల్ల ఒక మేలు జరిగింది. ఇంత తీవ్రమైన కేసు ఈ జిల్లాలోనే రాలేదట. వెంటనే పెద్దాఫీసుకి తెలియపరచారు. పెద్దాఫీసు వారు ప్రాంతీయ ప్రశాంతతాధికారి పరాంకుశం గారిని స్వయంగా పంపిస్తామనీ, ఆయన ఆధ్వర్యంలో వారం రోజుల బెంగ విరమణ శిబిరం జరుగుతుందనీ జవాబిచ్చారు. శిబిరం జూన్ మూడు నుంచి. తుది పరీక్ష తొమ్మిదిన.

*

పరాంకుశం గారు తెల్ల జుబ్బాలో వచ్చారు. ఆయన చూపుడు వేలికి ఎప్పుడూ బెంగమాపకం ఉంటుంది. అందులో ఎప్పుడూ ఆకుపచ్చే వెలుగుతుంది. దాన్ని అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకుని మాట్లాడతారు.

"బెంగ అనునది అంటువ్యాధి" అని మొదటి ఉపన్యాసం మొదలుపెట్టారు. "మనిషి నుంచి మనిషికి సోకును. మనిషి నుంచి బ్యాటరీకి కూడా సోకునని మా అంతర్గత నివేదిక తెలుపుచున్నది. డ్రైవరు బెంగపడిన కొలదీ బ్యాటరీ త్వరగా క్షీణించును. కనుక ఎరుపు చూపిన ఏ వ్యక్తినీ సంస్థ వాహనమందు ఉంచరాదు. ఇది నేను స్వయంగా రచించిన నిబంధన."

తర్వాత షోరూమంతా తిరిగి పరిసరాలను శుద్ధి చేయించారు. గోడ గడియారం చూస్తే ఆలస్యం గుర్తొస్తుంది, తీయించారు. మంటలార్పే ఎర్ర సిలిండరు చూస్తే మంటలు గుర్తొస్తాయి, దాన్ని బాత్రూములో పెట్టించారు. ప్రథమ చికిత్స పెట్టె, "అత్యవసర ద్వారం" అన్న బోర్డు, మెట్ల దగ్గర "జారును, జాగ్రత్త" అన్న కాగితం. అన్నీ పోయాయి. ఆ మధ్యాహ్నమే ఉదయభాస్కర్ గారు మెట్ల మీద జారారు. జారినా నవ్వుతూనే ఉన్నారు కాబట్టి శుద్ధి జయప్రదమైనట్టు నమోదు చేశారు.

చివరికి టెస్ట్ డ్రైవ్ కారు దగ్గరికి వెళ్ళారు. స్టీరింగ్ ముందు బ్యాటరీ శాతం చూపించే చోట, గుండ్రంగా నవ్వే పసుపు ముఖం స్టిక్కరు అంటించారు. ఇక ఎన్నిసార్లు చూసినా అది నవ్వుతూనే ఉంటుంది. డిక్కీలో ఇళ్ళలో ఉండే పెద్ద ప్లగ్గుకి పెట్టుకునే ఛార్జింగ్ తీగ చుట్ట ఉంటే, "ఇది చూసినవారికి ఏమి స్ఫురించును?" అని దాన్ని స్టోర్ రూముకి పంపేశారు. సిబ్బందిలో ఎవరైనా "కారులో ఛార్జింగ్ ఉందా?" అని అడిగితే అది వాళ్ళ సర్వీసు ఫైల్లోకి ఎక్కుతుందని సర్క్యులర్ వేశారు. ఆ రోజు నుంచి షోరూములో ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

శిబిరంలో సత్యవేణి అన్నీ చేసింది. ఇంటి తాళం వేసి లాగి చూడకుండా వచ్చింది. పక్కింటావిడకి చెప్పి ఆవిడ చేత లాగించింది, అది వేరే సంగతి. పెదవులు కొద్దిగా విడదీసి పైకప్పు చూడ్డం నేర్చుకుంది. అయిదో రోజున జోషితని తీసుకురమ్మని, పిల్లని పరదా వెనక ఆడుకునే గదిలో కూర్చోబెట్టి, పావుగంట అటు తొంగిచూడకుండా ఉండాలన్నారు. నాలుగో నిమిషంలో పరదా వెనక చప్పుడాగింది. సత్యవేణి పైకప్పు వైపే చూస్తోంది. పెదవులు కొద్దిగా విడివడే ఉన్నాయి. కళ్ళ వెంట మాత్రం నీళ్ళు కారిపోతున్నాయి. క్లిప్పు ఎర్రగా, చుట్టూ గోడలన్నీ ఎరుపెక్కేంత ఎర్రగా వెలిగింది. హరిణి ఉండబట్టలేక తనే పరదా తొలగించింది. జోషిత బొమ్మల పుస్తకం చూసుకుంటోంది.

"కన్నీరు" అన్నారు పరాంకుశం గారు హరిణితో. "ఏ గడిలో రాస్తావు?"

హరిణి ఫారమంతా వెతికింది. కన్నీటికి గడి లేదు. అందుకని ఏమీ రాయలేదు.

సాయంత్రం బస్టాపులో జోషిత, "అమ్మా, నీకు బండి ఇవ్వరా?" అనడిగింది. సత్యవేణి పిల్ల నెత్తి మీద కొంగు కప్పింది. "ఇస్తారమ్మా. అమ్మ ఇంకొంచెం సరిగ్గా చెయ్యాలంతే."

*

జూన్ తొమ్మిది. తుది పరీక్ష. సత్యవేణి స్టీరింగ్ దగ్గర. పక్క సీట్లో పరాంకుశం గారు. వెనక ఫారాలు పట్టుకుని హరిణి. షోరూము నుంచి ఉప్పాడ దాకా బీచ్ రోడ్డు మీద వెళ్ళి వెనక్కి రావాలి. ముందున్న ఇద్దరి వేళ్ళకీ బెంగమాపకాలు.

మూడు కిలోమీటర్లు దాటాక సత్యవేణి నోరు తెరిచింది. "సార్, ఒక్క మాట."

"బెంగతో కూడిన మాటా, బెంగ లేని మాటా?"

"బెంగతోనేనండి."

"అయితే వద్దు."

సత్యవేణి మళ్ళీ రోడ్డు మీద చూపు పెట్టింది. ఆమె చెప్పబోయినదేమిటంటే, శిబిరానికొచ్చిన ఈ వారంలో ఈ కారు ఛార్జింగ్ పెట్టే గోడ దగ్గర ఉండగా తను ఒక్కసారీ చూడలేదు. టెస్ట్ డ్రైవ్‌కి మాత్రం రోజుకి మూడుసార్లు వెళ్ళొస్తోంది. నేమం దాటారు. స్టిక్కరు నవ్వుతోంది. సుబ్బంపేట దాటారు. స్టిక్కరు ఇంకా నవ్వుతోంది. కారు మాత్రం ఎత్తు మీద ఆయాసపడి, మెల్లమెల్లగా రోడ్డు పక్కకి వచ్చి ఆగిపోయింది.

ఒకవైపు సముద్రం, ఒకవైపు సరుగుడు తోట. జూన్ ఎండ.

"వాహనం విశ్రమించినది" అన్నారు పరాంకుశం గారు.

అయిదు నిమిషాలు గడిచాయి. ఏసీ కూడా విశ్రమించింది.

"షోరూముకి ఫోన్ చేద్దామా సార్?" అంది హరిణి, మర్యాదగా. ఆమె ఫోను పరీక్ష నియమం ప్రకారం కౌంటర్లో పెట్టించారు. సత్యవేణిదీ అక్కడే. పరాంకుశం గారు జుబ్బా జేబులోంచి తన ఫోను తీశారు. అది నల్లగా ఉంది. ఫోన్లో ఛార్జింగ్ చూసుకోవడం ఆయన మానేసి ఏడాదైంది.

ఆయన క్లిప్పు పసుపుపచ్చగా మారింది. ఆయన చెయ్యి జేబులో పెట్టుకున్నారు. తెల్ల జుబ్బాలోంచి పసుపు వెలుగు కనిపించింది. కాసేపటికి అది ఎరుపైంది. మరి కాసేపటికి కూత పెట్టడం మొదలుపెట్టింది.

"ఇక్కడ... ఎవరైనా వస్తారా?" అన్నారాయన. "నాకు షుగర్ ఉంది. మాత్ర వేసుకున్నాను గానీ ఏమీ తినలేదు. ఎవరూ రాకపోతే ఎలా? ఏం చేస్తాం?"

సత్యవేణి అప్పటికే బెల్టు తీసేసి దిగింది. ముందు సంచిలోంచి బిస్కెట్ పొట్లం, నీళ్ళ సీసా తీసి ఆయన చేతిలో పెట్టింది. తర్వాత రెండు వందల పేజీల నోటుబుక్కు తీసింది. దరఖాస్తు పెట్టకముందే, ఏప్రిల్లో, ఆటోల మీద తిరిగి ఈ రోడ్డు మీదున్న ప్రతి దుకాణం ఎక్కి, మా కారుకి పెద్ద ప్లగ్గు వాడుకోనిస్తారా అని అడిగి రాసుకుంది. ఏ ఊళ్ళో ఎవరు, దుకాణం ఎప్పుడు తెరుస్తారు, ఎప్పుడు మూస్తారు, కుక్క ఉందా లేదా. ఆరో పేజీ తిప్పింది.

"రెండు కరెంటు స్తంభాల అవతల సోడాల షాపు. సత్తిరాజు గారు. పెద్ద ప్లగ్గు ఉంది. సోమవారం సెలవు, ఇవాళ మంగళవారం. సార్, మీరు బిస్కెట్ తిని తోయాలి. నేను స్టీరింగ్ పట్టుకుంటాను."

ప్రాంతీయ ప్రశాంతతాధికారి కారు తోశారు. హరిణి కూడా తోసింది. వేలికి ఎర్రగా కూసే దీపంతో ఒక పెద్దమనిషి కారు తోసుకుంటూ రావడం చూసి సోడాల సత్తిరాజు బయటికొచ్చాడు. సత్యవేణిని గుర్తుపట్టాడు.

"నువ్వు ఆ రోజు ఆటోలో వచ్చి ప్లగ్గు అడిగెళ్ళినమ్మాయివి కదూ! బండేదమ్మా అంటే, ఇంకా రాలేదండి అన్నావు. అది తల్చుకుని మా ఇంట్లో నెల్రోజులు నవ్వుకున్నాం."

"ఇదీ మాది కాదండి బాబాయిగారూ. ఇంకా రాలేదు."

"మరీ మంచిది" అని సత్తిరాజు ప్లగ్గు చూపించాడు.

"తీగ!" అన్నారు పరాంకుశం గారు. క్లిప్పు ఇంకోసారి కూసింది. "తీగ స్టోర్ రూములో ఉంది! నేనే పంపించాను!"

సత్యవేణి డిక్కీ తెరిచింది. తీగ చుట్ట అందులోనే ఉంది. పొద్దున్నే వచ్చి వాచ్‌మన్‌ని బతిమాలి స్టోర్ తెరిపించి పెట్టించింది. నిబంధనకి విరుద్ధమే. ఆమె తల దించుకుని, "తప్పేనండి" అంది. తల దించుకునే తీగ తగిలించింది.

గంటన్నర అక్కడే బెంచీ మీద కూర్చున్నారు. సత్తిరాజు నిమ్మకాయ సోడాలు కొట్టిచ్చాడు. హరిణి ఫారంలో రాయడానికి సత్యవేణి వేలు చూసి, మళ్ళీ చూసి, క్లిప్పు తీసి దులిపి మళ్ళీ పెట్టింది. ఆకుపచ్చ. కారు ఆగిన దగ్గర్నుంచీ ఆకుపచ్చే. భయపడ్డదేదో జరిగిపోయింది. ఇక బెంగపడ్డానికి ఏమీ మిగల్లేదు, చెయ్యాల్సిన పని తప్ప.

కారు బయల్దేరేముందు ఒక చిక్కొచ్చింది. ఎరుపు చూపిన ఏ వ్యక్తినీ సంస్థ వాహనమందు ఉంచరాదు. పరాంకుశం గారి క్లిప్పు కూతైతే ఆపింది గానీ రంగు మార్చుకోలేదు. హరిణి నిబంధన పుస్తకం తెరిచి ఎంతో గౌరవంగా ఆయనకే చూపించింది. కింద ఆయన సంతకమే ఉంది. పరాంకుశం గారు ఉప్పాడ నుంచి వచ్చే షేర్ ఆటోలో, చేపల గంపల మధ్య, సగం బిస్కెట్ పొట్లంతో కాకినాడ వెళ్ళారు.

*

పదో తారీఖున సమావేశం జరిగింది. కారు ఆగిపోయిందని రాయడానికి వీల్లేదు, చదివినవారికి బెంగ కలుగుతుంది. ఆగలేదని రాస్తే గంటన్నర సోడాల షాపు దగ్గర ఏం చేశారన్న ప్రశ్న వస్తుంది. చివరికి "సంస్థ వాహనము సముద్రతీరమందు సుదీర్ఘ ప్రశాంతతను ప్రదర్శించినది" అని రాశారు. బెంగమాపకం నమోదు చేసిన రంగులు మాత్రం మార్చడానికి లేదు. అవి నేరుగా పెద్దాఫీసుకి వెళ్ళిపోతాయి. వాటి ప్రకారం జిల్లా చరిత్రలో అత్యంత నిశ్చింతైన వ్యక్తి నేమం వాస్తవ్యురాలు సత్యవేణి. ప్రాంతీయ ప్రశాంతతాధికారి గారిని మూడు వారాల బెంగ విరమణ శిబిరానికి పంపించారు.

పదకొండున తాళాల పంపిణీ. ఉదయభాస్కర్ గారు పూలగుత్తి, చట్రం కట్టిన ధ్రువీకరణ పత్రం ఇచ్చి ఫోటో తీయించారు. తర్వాత కాస్త పక్కకి పిలిచారు.

"మేడమ్, మీ నోటుబుక్కు... సంస్థవారు 'నిశ్చింత ఛార్జింగ్ మార్గసూచి' అని అచ్చు వేయదలిచారు. ఒకసారి ఇస్తారా?"

"జిరాక్స్ తీసుకోండి. పుస్తకం ఇవ్వను. పోతే?"

ఆయన తనకి తెలియకుండానే పెన్ను తీసి, ఎందుకో మళ్ళీ జేబులో పెట్టేసుకున్నారు.

చక్రాల కింద నిమ్మకాయలు అప్పాయమ్మే పెట్టింది, నాలుగూ సరిగ్గా ఉన్నాయో లేదో సత్యవేణి చూసింది. స్టీరింగ్ ముందు కూర్చుని, ఈ బండికీ అంటించి ఉన్న నవ్వే స్టిక్కరుని గోటితో మెల్లగా ఊడదీసి జోషిత నుదుటికి అంటించింది. కింద అంకె బయటపడింది. తొంభై తొమ్మిది.

"సార్" అని కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఆ ఒక్కటీ ఏమైందండీ?"

*

పన్నెండున, వీధి చివరిదాకా వెళ్ళి గ్యాస్ కోసం వెనక్కొచ్చి, మళ్ళీ బయల్దేరి, ఎనిమిదీ పదికి బడి ముందు కారాపింది. రోడ్డుకి అటుపక్క ఆ వ్యాను పాటలు పాడుకుంటూ వచ్చి ఆగింది. సత్యవేణి నలుగుర్నీ దింపి గేటు దగ్గర వరసగా నిలబెట్టి లెక్కపెట్టింది. నలుగురూ ఉన్నారు. ఇంకోసారి లెక్కపెట్టింది. అప్పటికీ నలుగురే.

ఫోను మోగింది. నిశ్చింత మోటార్స్ నుంచి మెసేజ్. "గౌరవనీయులైన వినియోగదారు గారికి, ఈ ఉదయం మీరు వెనక సీటు వైపు పదకొండుసార్లు తిరిగి చూసినట్టు వాహనం తెలియజేసింది. అనుమతించిన పరిమితి రెండు. దయచేసి నిశ్చింతగా ఉండండి."

సత్యవేణి మొత్తం చదివింది. ఫోను సంచిలో వేసుకుంది. వెనక తలుపు తెరిచి, వంగి, సీటు మీదా సీటు కిందా చూసింది.

"అమ్మా, నేనిక్కడున్నాను కదా!" అని గేటు దగ్గర్నుంచి జోషిత అరిచింది.

"తెలుసులే. లోపలికెళ్ళు."

నలుగురూ లోపలికి వెళ్ళారు. సత్యవేణి తలుపు మూసి, వ్యాను వైపు చూసింది. డ్రైవరు ఈల వేసుకుంటూ అద్దాలు ఎక్కించి, తాళం తిప్పుకుంటూ టిఫిన్ బండి వైపు వెళ్తున్నాడు. ఆమె రోడ్డు దాటి వెళ్ళి, రెండు అరచేతులూ కళ్ళకి అడ్డుపెట్టుకుని, ఆ వ్యాను అద్దానికి ముఖం ఆనించి లోపలికి చూసింది.

ఒక్కో సీటూ చూసింది. ఎవరూ లేరు.

అటువైపు అద్దం లోంచి కూడా ఒకసారి చూసి, అప్పుడు వెళ్ళి తన బండి ఎక్కింది.